వేటకెళ్లిన కొడుకు ఒడ్డుకు రాకపోతే: కబురు ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

మాది పూసపాటిరేగ వైపు, సముద్రం ఒడ్డునున్న ఊరు. సచివాలయం ఎదురుగా నాకు చిన్న జిరాక్స్ షాపుంది. బోటు రాలేదని తెలియగానే ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు ముందు నా షాపుకే పరుగెత్తుకొస్తారు. ఏ ఆఫీసుకెళ్లినా మొదట అడిగేది ఆధార్ జిరాక్సే కదా మరి. అలా వచ్చినవాళ్లకు అర్జీలు రాసిపెట్టి, ఫోన్లు కలిపిచ్చి, ఆఫీసులకు తోడెళ్లి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆ తల్లి చదవాలని కాదు, ఆవిడ ఆ టైములో ఏమీ చదవలేదు. ఆమె పక్కనుండే కూతురో, తోటికోడలో, నాలుగు ముక్కలు చదువుకున్న మేనల్లుడో చదవాలని.

ముందు ఫోను, తర్వాతే మిగతావి

మన ఊళ్లలో పెద్దవాళ్లు ఒక మాట అంటారు: "ఇంజిను పాడై ఉంటది, పక్కూరి ఒడ్డున దిగుంటారు, రేపటి దాకా సూద్దాం." చాలాసార్లు అదే నిజమవుతుంది. అయినా రేపటి దాకా ఆగొద్దు. ఫోన్ చేశాక వాళ్లు నవ్వుకుంటూ ఇంటికొస్తే మళ్లీ ఫోన్ చేసి "వచ్చేశారండీ" అని చెబితే సరిపోతుంది. దానికి ఎవరూ కేసు పెట్టరు.

సముద్రంలో వెతికేది కోస్ట్‌గార్డ్. వాళ్ల నంబరు 1554, డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు. మెరైన్ పోలీసులది 1093. రెండింటికీ చేయండి. ఒకరికి చెబితే రెండో వాళ్లకు అదే తెలుస్తుందిలే అనుకోవద్దు. మన తూర్పు తీరంలో గాలింపును నడిపించే పెద్ద కేంద్రం చెన్నైలో ఉంది. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలో కోస్ట్‌గార్డ్ స్టేషన్లున్నాయి. తీరానికి దగ్గర్లో అయితే మెరైన్ పోలీసు బోట్లు వెళ్తాయి, లోపలికైతే కోస్ట్‌గార్డ్ ఓడ గానీ డోర్నియర్ విమానం గానీ వెళ్లాలి.

మూడో ఫోన్ బోట్ల అసోసియేషన్‌కి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ, నా లెక్కలో ఇదే ముఖ్యం. ఆ సమయానికి సముద్రంలో ఉన్న మన బోట్లకు వైర్‌లెస్‌లో కబురు పంపగలిగేది వాళ్లే. వీహెచ్‌ఎఫ్ సెట్లో 16వ ఛానెల్ ఆపద కోసమే ఉంది, దాన్ని అందరూ వింటారు. ఆ రోజు ఆ నీళ్లలో తిరిగిన డ్రైవర్లకు ఏ బోటు ఎక్కడ వల వేసిందో కంటికి కట్టినట్టు గుర్తుంటుంది.

ఆ ఒక్క కాగితం

ఎవరికి ఫోన్ చేసినా అవే ప్రశ్నలు అడుగుతారు. ఇంట్లో ఏడుపుల మధ్య ఒకరు ఒకటి చెబుతారు, ఇంకొకరు ఇంకోటి చెబుతారు. అందుకే మొదటి గంటలోనే అన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసి, ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఎవరడిగినా అదే చదవండి, అదే పంపండి.

బోటు సంగతులు బోటు ఓనరును అడిగి రాయాలి. రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. మన బోట్లది ఐఎన్‌డి-ఏపీ అని, గుజరాత్ బోటైతే ఐఎన్‌డి-జీజే అని మొదలవుతుంది. నంబరు లేని తెప్పయితే రంగు, పొడవు, ఇంజిన్ ఎంత హార్స్ పవర్, పక్కన ఏం పేరు రాసుంది, ఏ దేవుడి బొమ్మ ఉంది, ఏ జెండా కట్టారు, ఇవన్నీ రాయండి. పైనుంచి విమానంలో వెతికేవాళ్లకు మొదట కనిపించేది రంగే. బోటులో ఇస్రో వాళ్ల ట్రాన్స్‌పాండర్ గానీ, ఆపద బటన్ ఉన్న పరికరం గానీ ఉందా అని కూడా అడగండి. ఉంటే మత్స్యశాఖ వాళ్లు అది చివరిసారి ఎక్కడి నుంచి సిగ్నల్ ఇచ్చిందో చూడగలరు.

తర్వాత డీజిలు, ఐసు, నీళ్లు, బియ్యం ఎంతెంత ఎక్కించారో రాయండి. అది ఎందుకని మా షాపులో ఒకాయన విసుక్కున్నాడు. డీజిలు ఎంతుందో తెలిస్తే బోటు ఎంత దూరం పోగలదో తెలుస్తుంది. ఎన్ని క్యాన్ల నీళ్లున్నాయో తెలిస్తే మనుషులు ఎన్నాళ్లు తట్టుకోగలరో తెలుస్తుంది. గాలింపు ఎప్పటిదాకా సాగాలనే మాట వచ్చినప్పుడు ఈ లెక్కే పనికొస్తుంది.

చివరిసారి ఎక్కడ కనిపించారు? దీనికి "సముద్రంలో" అని జవాబు చెప్పొద్దు. మనవాళ్లు లోతును బారల్లో (బార అంటే రెండు చేతులూ చాపినంత, ఇంచుమించు ఆరడుగులు) చెబుతారు, ఒడ్డు మీద కొండనో గుడి గోపురాన్నో గుర్తు పెట్టుకుంటారు. వాళ్లు చెప్పినదాన్ని చెప్పినట్టే రాయండి: "ముప్పై బారల నీళ్లలో, ఫలానా కొండకు ఎదురుగా, రాత్రి 2 గంటలకు లైటు కనిపించింది." పక్క బోటు జీపీఎస్‌లో పాయింటు ఉంటే మరీ మంచిది. గంటలతో సహా రాయండి.

ఇక అబ్బాయి సంగతి. ఇది తల్లిని మాత్రమే అడగాలి, మెల్లగా అడగాలి. మొన్నొకావిడను "పిన్నీ, బాబు ఏం వేసుకెళ్లాడు?" అంటే గులాబీ రంగు టీషర్టు అంది. కాసేపాగి, "కుడి సంకలో కుట్టు ఇప్పిపోతే నానే కుట్టినాను, నల్లదారం తోటి" అంది. నేను అది కూడా రాశాను. పచ్చబొట్టు, మొలతాడులో తాయెత్తు, వెండి ఉంగరం, వల తాడు కోసుకుపోయిన మచ్చ, ఎప్పుడో విరిగిన పన్ను, ఇవన్నీ ఆధార్ కార్డులో ఉండవు. అవసరం పడకూడదని కోరుకుంటూనే రాసుకోవాలి.

ఫోటో ఈ మధ్య తీసిందే ఉండాలి. పెళ్లిలో పౌడరు రాసుకుని దిగింది వద్దు. వేటలో ఫ్రెండ్స్‌తో దిగిన సెల్ఫీ అయితే గడ్డంతో, అసలు మొహంతో కనిపిస్తాడు.

నీరు ఎటు పోతోందో చూసుకుని అడగండి

మన తీరం వెంట నీటి ఒరవడి ఏడాదంతా ఒకవైపే ఉండదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎక్కువగా ఉత్తరానికి, అంటే ఒడిశా, బెంగాల్ వైపు లాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తోస్తుంది. గాలిని బట్టి ఇది మారుతుందనుకోండి. అయినా ఇంజిన్ ఆగిన బోటు మార్చిలో అయితే గోపాల్‌పూర్, పారాదీప్ వైపు అడగాలి. నవంబరులో అయితే కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, ఆ కింద చెన్నై దాకా అడగాలి. అన్ని హార్బర్లలోనూ మనవాళ్లు ఉంటారు, వాట్సాప్ గ్రూపులున్నాయి. ఆ ఒక్క కాగితం ఫోటో అక్కడ వేయండి.

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. వేటకెళ్లేవాళ్లకు అలల హెచ్చరికలు, చేపలు దొరికే చోట్లు చెప్పేది వాళ్లే. 2016లో వాళ్లు సారట్ అనే పద్ధతి తెచ్చారు. చివరిసారి కనిపించిన చోటు, సమయం, తప్పిపోయింది ఎలాంటి పడవో ఇస్తే, గాలీ నీరూ లెక్కగట్టి ఇప్పుడు ఎక్కడ వెతకాలో మ్యాప్ మీద చూపిస్తుంది. కోస్ట్‌గార్డ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు "సారట్‌లో చూశారా సార్, ఎటువైపు చూపించింది?" అని అడగండి. అడిగేవాళ్లకు విషయం తెలుసని అర్థమైతే అవతలివాళ్లు కూడా వివరంగా చెబుతారు, ఇది నా అనుభవం.

కొన్ని రోజులకు "ఇంక లాభం లేదమ్మా" అనే మాట ఎవరో ఒకరు అంటారు. 2019లో అండమాన్ దగ్గర దారి తప్పిన పడవలోని ఒకతను దాదాపు నెల తర్వాత ఒడిశా తీరానికి ప్రాణాలతో కొట్టుకొచ్చాడు. అతనితో ఉన్న స్నేహితుడు మాత్రం బతకలేదు. ఈ రెండు ముక్కలూ కలిపే చెప్పండి ఆ తల్లికి. సగం చెప్పడం న్యాయం కాదు.

పోలీసు కేసు

ఫోన్ చేశాం కదా, కేసెందుకు అంటారు. ఎఫ్‌ఐఆర్ లేకపోతే తర్వాత ఏ ఆఫీసులోనూ మీ అబ్బాయి తప్పిపోయినట్టు లెక్కలో ఉండదు. బ్యాంకు, ఇన్సూరెన్స్, కోర్టు, అందరూ మొదట అడిగేది ఆ నంబరే. మీ ఊరి స్టేషన్లో గానీ మెరైన్ స్టేషన్లో గానీ ఇవ్వండి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి ఎవరిదైనా ముందు రాసుకుని, తర్వాత అసలు స్టేషనుకు పంపేది) రాయమనండి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అది స్పష్టంగా ఉంది. ఫిర్యాదు చేసినవాళ్లకు కాపీ ఉచితంగా ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఒక స్టేషన్లో మా ఊరివాళ్లను సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికి తెల్ల కాగితం మీద స్టాంపు వేసి పంపేశారు. ఆ కాగితం ఎందుకూ పనికిరాలేదు. నంబరున్న ఎఫ్‌ఐఆర్ చేతికొచ్చే దాకా లేవొద్దు.

అదే రోజు మత్స్యశాఖ ఎఫ్‌డీవోకి (ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసరు), తహసీల్దారుకు కూడా అర్జీ ఇవ్వండి. సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంట్ ఉంటే ఆయన చేత పంపించండి. మీ దగ్గరుండే కాపీ మీద "ముట్టింది" అని సంతకం, తేదీ వేయించుకోండి. ఏమీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి వెళ్లండి.

అబ్బాయి ఫోన్ గురించి ఒక మాట. స్విచాఫ్ వస్తున్నా రీచార్జి ఆపొద్దు. ఆపేస్తే కొన్నాళ్లకు ఆ నంబరు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, ఎవరో పరాయి మనిషి "హలో" అంటాడు. ఆ క్షణంలో తల్లి పరిస్థితి ఎలా ఉంటుందో నేను చూశాను. చివరి టవర్ ఏదో పోలీసుల చేత తీయించండి. అతని ఏటీఎం కార్డుతో డబ్బులు మాత్రం తీయొద్దు, ఎంత ఇబ్బందిగా ఉన్నా సరే. తేదీ చూసి "ఆ రోజు మనిషి ఉన్నాడుగా, డబ్బులు తీశాడుగా" అని రేపు ఎవరైనా అంటే మీరు జవాబు చెప్పుకోలేరు.

గుజరాత్ వెళ్లిన పిల్లలు, పరాయి దేశం నీళ్లు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెరావల్‌కు వలసెళ్లేవాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడ బోటు రాలేదంటే మునిగిందని ఒక అనుమానం, పట్టుబడిందని ఇంకో అనుమానం. 2018 నవంబరు చివర్లో అలాగే మనవాళ్లను పాకిస్తాన్ పట్టుకుంది. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉండి, వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు.

రెండు దేశాలూ 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ తేదీలకు ముందే విదేశాంగ శాఖకు మీ వివరాలు చేరి ఉండాలి. మదద్ అనే వాళ్ల పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఎంపీ ఆఫీసు ద్వారా ఉత్తరం రాయించొచ్చు. రెండూ చేయండి. బంగ్లాదేశ్, శ్రీలంక వైపు అనుమానం ఉన్నా ఇదే దారి.

ఇంకోటి గుర్తుంచుకోండి. ఏదో ఒక రోజు పోలీసులు ఇంటికొచ్చి ఫోటో చూపించి, "ఇతను మీవాడేనా, ఎక్కడ పుట్టాడు, ఎక్కడ చదివాడు" అని అడగొచ్చు. భయపడి తలుపులేసుకోకండి. అవతలి జైల్లో ఉన్న మనిషి ఇండియావాడేనని తేల్చకపోతే వదలరు, అందుకే ఆ ఎంక్వైరీ. అలాంటి ఎంక్వైరీ వచ్చిందంటే మంచి కబురే. బడి సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఓటరు కార్డు ఒక కవర్లో సిద్ధంగా ఉంచండి.

అతను ఆ బోటులోనే ఉన్నాడని రుజువేంటి అంటే చాలామంది దగ్గర ఏ కాగితమూ ఉండదు. తండేలు (బోటు నడిపే పెద్ద) గానీ సేటు (బోటు ఓనరు) గానీ అడ్వాన్సు ఫోన్‌పేలో వేసి ఉంటే ఆ స్క్రీన్‌షాటే రుజువు. రైలు టికెట్టు, బోటు మీద నుంచి చేసిన వీడియో కాల్ తేదీ, ఇవి కూడా దాచండి.

ఒడ్డుకు ఏదైనా కొట్టుకొచ్చిందంటే

తల్లిని పరుగెత్తించి తీసుకెళ్లొద్దు. ముందు మగవాళ్లెవరైనా, లేదా గుండె దిటవున్న ఆడవాళ్లెవరైనా వెళ్లి ఆ కాగితంలో రాసుకున్న గుర్తులతో సరిచూడండి. ఉప్పునీళ్లలో ఉన్న మొహం గుర్తుపట్టలేం, మొహం చూసి అవునూ కాదూ అని చెప్పేయకండి. అనుమానంగా ఉంటే డీఎన్ఏ చేయించమని రాతపూర్వకంగా అడగండి. తల్లి రక్తం ఇస్తే పోల్చడం తేలిక. రిపోర్టు రావడానికి టైము పడుతుంది, ఎఫ్‌ఐఆర్ నంబరు చెప్పి అడుగుతూ ఉండాలి.

సంతకం దగ్గర వచ్చే చిక్కు

అన్నిటికంటే కష్టమైనది ఇది. నెలలు గడిచాక పరిహారం కాగితాలు వస్తాయి. ఒకావిడ మా షాపులో అర్జీ పట్టుకుని, "నా కొడుకు సచ్చిపోనాడని నా సేత్తో నానెలాగ ఎట్టీగల్నమ్మా సంతకం?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు "పెట్టీ, డబ్బులొస్తాయి" అన్నారు. ఆ మాట అక్కడ అనకుండా ఉండాల్సింది.

అలా రాయాల్సిన అవసరమే లేదు. "నా కుమారుడు ఫలానా తేదీన వేటకు వెళ్లి తిరిగి రాలేదు, నేటి వరకు ఆచూకీ లేదు" అని రాయండి. అది నిజం, ఫైలు మొదలవడానికి అది చాలు. ఏ కాగితం మీదైనా సంతకమో వేలిముద్రో వేయించే ముందు ఆవిడకు పూర్తిగా చదివి వినిపించండి. పరిహారం అడిగినంత మాత్రాన వెతకడం ఆపమని ఒప్పుకున్నట్టు కాదు. నేను రెండు ఫైళ్లు కడతాను, ఎర్ర ఫైలు వెతుకులాటకు, నీలం ఫైలు డబ్బులకు. ఒకదాని కాగితం ఇంకోదాంట్లో పెట్టను.

చట్టం ఏమంటుందంటే, ఏడేళ్ల పాటు ఆ మనిషి గురించి, బతికుంటే తెలియాల్సినవాళ్లకు ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షను, కొత్త భారతీయ సాక్ష్య అధినియంలో 111. అయితే పెద్ద విపత్తుల్లో ప్రభుత్వాలు ఏడేళ్లు ఆగకుండా ధ్రువపత్రాలిచ్చిన సందర్భాలున్నాయి. 2004 సునామీ తర్వాత ఇచ్చారు, 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత ఇచ్చారు. కాబట్టి తుఫానులో పోయిన బోటైతే "ఏడేళ్లు ఆగండి" అన్న ఒక్క మాటకు వెనక్కి రావొద్దు, కలెక్టరుకు అర్జీ పెట్టండి. కోర్టుకెళ్లాల్సి వస్తే ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100.

వేటలో ప్రమాదవశాత్తూ చనిపోతే ఇచ్చే పరిహారాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2019లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. కేంద్రం మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా 5 లక్షలు వేరే ఉంది. ఇప్పటి నిబంధనలేంటో, అబ్బాయి పేరు అందులో నమోదై ఉందో లేదో ఎఫ్‌డీవో దగ్గరే కనుక్కోండి. ఇక్కడే అత్తాకోడళ్లకు తగువు మొదలవుతుంది. హిందూ వారసత్వ చట్టంలో భార్య, పిల్లలు, తల్లి ముగ్గురూ మొదటి తరగతి వారసులే. ఈ మాట మొదట్లోనే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పేస్తే మంచిది. కుల పెద్దల దాకా వెళ్లాక చెబితే ఎవరూ వినరు.

డబ్బు పంపమనే ఫోన్లు

పేపర్లో పేరు వచ్చిన వారంలోపే మొదలవుతాయి. "మీవాడు బర్మా జైల్లో ఉన్నాడు, వదిలించాలంటే పాతిక వేలు పంపండి." అబ్బాయితో మాట్లాడించమనండి. కుదరదంటే తల్లికి మాత్రమే తెలిసిన ఒక ప్రశ్న వేయండి, చిన్నప్పటి ముద్దుపేరు ఏంటని. జవాబు రాకపోతే నంబరు రాసుకుని 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకు అదే.

సోది అడగడానికో అంజనం వేయించడానికో వెళ్తానంటే నేను అడ్డుపడను. ఆ తల్లికి ఒక రాత్రి నిద్ర పడితే అదీ మేలే. కానీ అంజనంలో "పడమటి దిక్కు" అని వచ్చిందని చెప్పి గాలింపు వాళ్లకు ఆ దిక్కు చెప్పకండి. మన ఊరికి పడమట ఉన్నది హైవే.

పెద్ద ఓడలో పనిచేసే అబ్బాయైతే

దారి వేరు. అతని సీడీసీ (ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం) నంబరు, ఇన్‌డాస్ (ఓడ ఉద్యోగుల జాతీయ జాబితా) నంబరు, ఓడ పేరు, ఓడ ఏ దేశం జెండా కింద తిరుగుతోంది, పంపిన కంపెనీకి ఆర్‌పీఎస్‌ఎల్ (ఓడల్లోకి మనుషుల్ని పంపే) లైసెన్సు ఉందా, ఇవి పట్టుకుని ముంబైలోని డీజీ షిప్పింగ్‌కు (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) మెయిల్ చేయాలి. వాళ్ల కమ్యూనికేషన్ సెంటర్ రాత్రింబగళ్లు ఉంటుంది. విశాఖలో మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఆఫీసుంది, అక్కడికి స్వయంగా వెళ్లండి. లైసెన్సు లేని ఏజెంటు పంపి ఉంటే ఆ ఏజెంటు మీద కూడా అదే రోజు పోలీసు ఫిర్యాదు పెట్టండి, తర్వాత ఫోన్ ఎత్తడు. కంపెనీ వాళ్లు ఫోన్లో ఏం చెప్పినా "మెయిల్‌లో రాసి పంపండి" అనండి.

ఎర్ర ఫైల్లో ఉన్నవన్నీ ఇంకో సెట్ తీయించి వేరే ఇంట్లో పెట్టండి, మనవి తుఫాన్లొచ్చే ఊళ్లు. నెలకోసారి ఒకే తేదీన స్టేషనుకూ ఎఫ్‌డీవోకూ ఫోన్ చేసి, ఎవరు మాట్లాడారో, ఏమన్నారో ఫైలు వెనక అట్ట మీద రాయండి. ఆఫీసర్లు బదిలీ అయిపోతారు. కొత్తాయన వచ్చాడని తెలియగానే మొదటి పేజీ నుంచి మళ్లీ జిరాక్స్ తీయించి చేతికివ్వండి.